పాతకథనుండి క్రొత్త నీతికథ వ్రాయుట యెట్లు?

విద్యార్థులారా,

మన పత్రికకు కథలు వ్రాసి పంపుడని మేము ఏటేట కోరుచుందుము. మీరును ఉత్సాహముతో పంపుచుందురు. వానిని చదువునప్పుడు మాకు సంతోషముతోపాటు కొంత చింతయు కలుగుచుండును. సింహమును బావిలోనికి దుమికించిన కుందేలే పలుమారులు ప్రత్యక్షమగును. అక్షరములు మీవే, కథ మాత్రము మీది కాదు. అయినను ఈ తప్పు మీది కాదు. వ్రాయుడంటిమే కాని వ్రాయు విధమును మేము మీకు చెప్పలేదు. ఆ లోపమును తీర్చుటకే ఈ పాఠము.

1. కథ యెవరు, ఎవరితో, ఎందుకు చెప్పిరి?

జంతువులు మాటలాడినంత మాత్రమున అది నీతికథ కాదు. నీతికథ ఒకరు మరియొకరితో ఒక పనికొరకు చెప్పునది. భారతమున కర్ణపర్వములో హంసకాకీయమను కథ కలదు. ఎంగిళ్లు తిని బలిసిన కాకి యొకటి, నూటొక్క విధముల నెగురగలనని హంసతో పంతము వేసి, సముద్రముపై అలసి నీటబడెను. ఒక్క విధముననే యెగుర నేర్చిన హంస దానిని వీపున మోసికొని యొడ్డు చేర్చెను. ఈ కథ చెప్పినవాడు శల్యుడు, విన్నవాడు కర్ణుడు. కర్ణుని యుత్సాహమును క్రుంగదీయుటయే శల్యుని ఉద్దేశము. పంచతంత్రమునందలి మిత్రభేదములో దమనకుడను నక్క సింహమునకును ఎద్దునకును నడుమ పగ పెట్టుటకు మంచి మంచి కథలనే చెప్పును. కావున నీతి కథలో మాత్రమే కాక, చెప్పువాని మనస్సులోను ఉండవలెను. కలము పట్టుటకు ముందు, "నేనిది యెవరికి చెప్పుచున్నాను? ఎందుకు?" అని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు.

2. పెద్దలు పాతకథను క్రొత్తగా చేసిన విధము

పంచతంత్రము ఆరవ శతాబ్దమున పారసీక దేశమునకు పోయి పహ్లవీ భాషలోనికి మారెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్న్ అల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలోనికి తెచ్చెను. మన కరటక దమనకులు అచ్చట కలీలా దిమ్నాలైరి. మార్పు పేర్లతో ఆగలేదు. సంస్కృత కథలో ఎద్దును చంపించిన దమనకునకు శిక్ష లేదు. అరబ్బీ గ్రంథమున మాత్రము దిమ్నాను న్యాయసభలో విచారించి శిక్షించిన అధ్యాయము ఒకటి క్రొత్తగా చేరినది. "మోసము చేసినవాడు ఏమయ్యెను?" అను ప్రశ్న పాతకథలో మిగిలియుండెను. ఆ మిగిలిన ప్రశ్నయే క్రొత్త కథకు విత్తనమైనది.

ఆ కథలే మరికొన్ని భాషలు దాటి ఫ్రాన్సు చేరినవి. లాఫాంటేను తన నీతికథలను 1668లో మొదట ప్రకటించెను. 1678లో వెలువడిన రెండవ సంపుటమునందు, హిందూదేశపు పిల్పాయికి తాను ఋణపడితినని చెప్పుకొనెను. పాతదానిని తీసికొనుట దోషము కాదు. దానికి తనదిగా ఏమియు చేర్చకపోవుటయే కొఱత.

తమిళనాడులో నివసించు మనకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము కలదు. పరవస్తు చిన్నయసూరి శ్రీపెరుంబూదూరున జన్మించి, చెన్నపురిలో తెలుగు పండితుడై, 1853లో నీతిచంద్రికను ప్రకటించెను. అందు మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే కలవు. విడిచిన సంధి విగ్రహములను తరువాత కందుకూరి వీరేశలింగము పూరించెను. తెలుగువారందరు బడిలో చదివిన కథాగ్రంథము మన నేలమీదనే వెలసినదని మీరు మరువరాదు.

3. ఒక మచ్చు

ఇక మనము ప్రయత్నింతము. ఏడు చేపల కథ యెరుగని బిడ్డ లేదు. చేప యేల ఎండలేదనిన గడ్డిమేటు అడ్డమనును. గడ్డిమేటు ఆవునుజూపును, ఆవు కాపరిని, కాపరి అవ్వను, అవ్వ యేడ్చు పాపను, పాప చీమను చూపుదురు. చీమ తన పుట్టలో వ్రేలు పెట్టిన కుట్టితినని చెప్పును. అంతటితో కథ ముగియును. కాని యొక్క విషయము గమనింపుడు. అందరును నిజమే చెప్పిరి, చేప మాత్రము ఎండలేదు! ఇదియే మిగిలిన ప్రశ్న. దానినుండి మేము వ్రాసిన కథ యిది.

"చీమ మాట విని రాకుమారుడు తిరిగివచ్చి, ఎవరిని దండింపవలెనా యని యాలోచించుచు గడ్డిమేటు ప్రక్కను కూర్చుండెను. కొంతసేపటికి చీమ వచ్చి మేటునుండి యొక గడ్డిపరకను లాగజొచ్చెను. రాకుమారుడు నవ్వి, 'నీవు లాగు పరకతో ఈ మేటు తరుగునా?' యనెను. చీమ, 'తరుగునో లేదో నేనెరుగను. ఈ చిక్కు నా కాటుతో మొదలైనది గనుక నా చేతనైనది చేయుచున్నాను. నీవు ఏడు ప్రశ్నలడిగినంతసేపు ఏడు పరకలు లాగియున్న ఏడు పరకలైనను తగ్గియుండును గదా' యనెను. రాకుమారుడు సిగ్గుపడి రెండు చేతులతో గడ్డిని ప్రక్కకు త్రోసెను. అప్పటికే ప్రొద్దు వ్రాలుచుండెను. ఆనాడు చేప సగమే ఎండెను. మరునాడు పూర్తిగా ఎండెను."

ఇందు మేము చేసిన పని మూడు మెట్లు: పాతకథలో జవాబు లేని ప్రశ్నను వెదకితిమి; పాతకథలోని పాత్రల స్వభావమును చెడగొట్టక, వానిలో నొకదానిచేత క్రొత్తపని చేయించితిమి; నీతిని కడపట విడిగా వ్రాయక, చీమ నోటను, రాకుమారుని చేతులలోను ఉంచితిమి. చేప వెంటనే ఎండినదని వ్రాయలేదు. ప్రొద్దు వ్రాలిన పిమ్మట ఎండదు గదా! జంతువులు మాటలాడవచ్చును గాని, లోకధర్మము తప్పరాదు.

4. ఏ మాటలతో వ్రాయవలెను?

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలిక తన అవ్వ చెప్పిన కథను వ్రాసి తెచ్చెను. అందు తమిళము కలిసిన ఇంటిమాటలు కొన్ని యుండెను. మేము వానిక్రింద ఎఱ్ఱగీతలు గీసి, శుద్ధముగా వ్రాసి తెమ్మంటిమి. ఆమె మరల కథ తేలేదు. ఆ యవ్వ యిప్పుడు లేదు. ఆ కథను మేము దాచుకొననైనను లేదు.

కావున విద్యార్థులారా, కథ చెప్పు వాక్యములను పాఠశాలలో నేర్చిన తెలుగున వ్రాయుడు. పాత్రల సంభాషణలను మాత్రము మీ యింట వినబడు రీతిగానే యుంచుడు. నూరేండ్లుగా మన యిండ్లలో నిలిచిన మాట తప్పుమాట కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "కథలు వ్రాసిన మార్కులు వచ్చునా?" యని మీరడుగుదురు. ఒక ప్రశ్నను పట్టుకొని తుదివరకు పోవుట మాతృభాషలో నేర్చిన బిడ్డ ఏ భాషలోను తడబడదని మా నమ్మకము. వీధిలో తమిళము ఎట్లును వచ్చును, రావలయును. ఇంటి తెలుగును ఇచ్చువారు మాత్రము మీరే. రాత్రి భోజనము తరువాత ఒక్క కథ చెప్పుడు. బిడ్డ ప్రశ్న వేసినప్పుడు విసుగుకొనకుడు. క్రొత్త కథ ఆ ప్రశ్నలోనే యున్నది.

అభ్యాసము

1. మీ యింటి పెద్దలలో ఒకరిని అడిగి, పుస్తకములలో మీరు చూడని కథ యొకటి వారి మాటలలోనే వ్రాసికొనుడు.
2. ఆ కథలో జవాబు దొరకని ప్రశ్న నొకదానిని గుర్తింపుడు.
3. ఆ ప్రశ్నకు జవాబుగా ఇరువది పంక్తులకు మించకుండ మీ కథను వ్రాయుడు. నీతిని విడిగా వ్రాయకుడు.
4. కథ చెప్పిన పెద్దల పేరును మీ పేరునకు పైన వ్రాయుడు.

ఈసారి మేము ఎఱ్ఱసిరా బుడ్డిని ప్రక్కను పెట్టి చదువుదుము.