పలుకు నేర్చిన బొమ్మ

బొమ్మకు నోరు లేదు. దానికి మాట నిచ్చువారు పిల్లలే. కొయ్యగుఱ్ఱము నెక్కిన బాలుడు తానే రౌతై అదలించును, తానే గుఱ్ఱమై సకిలించును. బొమ్మలపెండ్లి చేయు బాలిక ఇరుపక్షముల వియ్యపురాండ్ర మాటలను తానే పలుకును. అట్టి బొమ్మ నిజముగా మాటలాడిన నెంత బాగుండునను కోరిక మానవునకు చిరకాలముగా కలదు.

1890వ సంవత్సరమున అమెరికా దేశములో థామస్ ఆల్వా ఎడిసన్ బొమ్మ కడుపులో చిన్న ఫోనోగ్రాఫు యంత్రము నమర్పించి విక్రయింపజేసెను. పిడి త్రిప్పిన నది యొక శిశుగీతమును వినిపించెడిది. కాని లోపలి మైనపు స్తూపము త్వరలో అరిగిపోయెడిది. ధ్వనియు స్పష్టముగా లేదు. కొలది వారములలోనే ఆ విక్రయము నిలిచిపోయెను. 1960 ప్రాంతమున, త్రాడు లాగిన మాటలాడు బొమ్మలు వచ్చినవి. వానిలోను చిన్న రికార్డే యుండెను. అవి పలుకునేగాని ఎదుటి పిల్లవాడేమి చేసెనో ఎఱుగవు. అడిగినదానికి తగిన బదులు చెప్పవలెనన్నచో, అనేక పదములనుండి కావలసిన పదమును క్షణములో ఎన్నుకొనవలెను. తిరుగుచుండు రికార్డున కది సులభము కాదు.

1976వ సంవత్సరమున డల్లాసు నగరమందలి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పాల్ బ్రీడ్‌లవ్ అను ఇంజనీరునకు ఒక యోచన తోచెను. మన తెలుగులో చాలవరకు పలికినట్లే వ్రాయుదుము. ఆంగ్లమున అట్లు కాదు. పలుకొకటి, వ్రాత యొకటి. ఆ పిల్లలకు వర్ణక్రమము నేర్చుట ఒక బెడద. దానిని నేర్పు బొమ్మను చేయవలెనని ఆయన సంకల్పము. అయితే బొమ్మ పదమును తెరపై చూపి వర్ణక్రమ మడిగినచో, జవాబును ముందే చెప్పినట్లగును. కావున అది నోటితో పలికియే అడుగవలెను. 25,000 డాలర్ల చిన్న మొత్తముతో పని ప్రారంభమయ్యెను. రిచర్డ్ విగ్గిన్స్, లారీ బ్రాంటింగ్‌హామ్, జీన్ ఫ్రాంట్జ్ అను మువ్వురు ఇంజనీర్లు బ్రీడ్‌లవ్‌తో చేరిరి.

వారి కెదురైన చిక్కును లెక్కవేసి చూడుడు. యంత్రమునకు సున్న, ఒకటి అను రెండే అక్షరములు. అట్టి ఒక్కొక్క గుర్తును బిట్టు అందురు. ధ్వనిని సెకనునకు 8,000 మార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లతో వ్రాసినచో, ఒక్క సెకను పలుకునకు 64,000 బిట్లు కావలెను. ఆ బొమ్మలో అమర్చిన జ్ఞాపకపు చిప్పులు రెండు. ఒక్కొక్క దానిలో 1,31,072 బిట్లు పట్టును. అనగా రెంటిని కలిపినను నాలుగు సెకన్ల పలుకే పట్టును! రెండువందల పదములను అందెట్లు దాచుట?

ఇచ్చట మన వ్యాకరణ పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని మన పెద్దలు వర్ణములను పుట్టుచోటునుబట్టి విభజించిరి గదా! సన్నాయి పీకలో పుట్టిన నాదము గొట్టము ద్వారా వచ్చి స్వరమైనట్లు, కంఠమున పుట్టిన నాదము నాలుక, దంతములు, పెదవుల అమరికనుబట్టి వర్ణమగుచున్నది. ‘గ’ పలుకునప్పుడు కంఠనాళము అదరును; ‘స’ పలుకునప్పుడు అదరదు, గాలి రాపిడియే వినబడును. మెడపై చేయి నుంచి పలికి చూచినచో మీకే తెలియగలదు.

ఆ ఇంజనీర్లు అవలంబించిన మార్గమును లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్ అందురు. దాని సారాంశ మిది: ధ్వనిని దాచవలదు, ధ్వని పుట్టు విధమును దాచుము. ఒక రేడియో ప్రకటనకర్తచే పదములను పలికించి, ఆ పలుకును సెకనులో నలుబదవ వంతు చొప్పున ముక్కలు చేసిరి. ప్రతి ముక్కకు బలము, స్థాయి, నోటి అమరిక అనువానిని మాత్రము సంఖ్యలుగా వ్రాసిరి. నోటి అమరికకు పది సంఖ్యలు చాలినవి. స్థాయి సున్నయైనచో అది రాపిడి ధ్వని యని గుర్తు. ఇట్లు ఒక్కొక్క ముక్కకు 49 బిట్లు మించలేదు. సెకనునకు 64,000 బిట్లు కావలసిన చోట 1,960 బిట్లే చాలెను. నాలుగు సెకన్లు పట్టిన చోట రెండు నిమిషములకు పైబడిన పలుకు పట్టెను!

ఆ సంఖ్యలనుండి మరల కంఠధ్వనిని సృష్టించుటకు సెకనునకు 1,60,000 గుణకారములు కావలెను. అన్నిటిని ఒక్క సిలికాన్ చిప్పుపై వారు సాధించిరి. దానికి తోడు ఆజ్ఞలిచ్చు చిప్పు ఒకటి, జ్ఞాపకపు చిప్పులు రెండు, చిన్న స్పీకరు, వెలుగు అక్షరముల తెర, నాలుగు బ్యాటరీలు. ఇవియే ఆ బొమ్మకు అవయవములు. పిల్లలు సులభముగా గుర్తింపగలుగుటకు మీటలను అక్షరక్రమముననే పేర్చిరి.

1978వ సంవత్సరము జూన్ నెలలో చికాగో ప్రదర్శనమున ‘స్పీక్ అండ్ స్పెల్’ అను పేరుతో ఆ బొమ్మ లోకమునకు కనబడెను. అది పదమును పలుకును. పిల్లవాడు మీటలు నొక్కును. ఒప్పైన మెచ్చుకొనును. తప్పైన మరల ప్రయత్నింపుమనును. రెండవమారును తప్పినచో సరియైన వర్ణక్రమమును తానే చదివి వినిపించి, తరువాతి పదమునకు పోవును. 2009వ సంవత్సరమున అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమైన ఐ.ఇ.ఇ.ఇ. దీనిని సాంకేతిక చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించి గౌరవించెను.

ఈ బొమ్మను గూర్చి చదివినప్పుడెల్ల నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చును. నేను ఉపాధ్యాయుడనైన తొలి దినములలో వాడు ‘వృక్షము’ అను పదమును మూడుమార్లు తప్పు వ్రాసెను. తరగతి యెదుట వానిని గద్దించితిని. ఆనాటినుండి వాడు నల్లబల్ల యొద్దకు రమ్మన్నను రాడయ్యెను. వాని నోరు కట్టినది అజ్ఞానము కాదు, భయము. ఆ భయమును పెట్టినవాడను నేనే. దానిని పోగొట్టుటకు నాకు ఒక సంవత్సరము పట్టెను.

యంత్రమునకు కోపము లేదు; నిజమే. కాని దానికి దయయు లేదు. చిన్నబోయిన ముఖమును అది చూడలేదు. తప్పినవానికి మరియొక అవకాశ మీయవలెనని దానికి చెప్పినవారు మనుష్యులే. చిప్పులో అమరిన ఆ ఓర్పు, దానిని నిర్మించినవారి హృదయమునుండి వచ్చినదే. బాలబాలికలారా! రేపు మీలో కొందరు ఇట్టి యంత్రములను నిర్మింపగలరు. అప్పుడు లెక్కలతోపాటు ఓర్పునుగూడ అందు అమర్చుట మరువకుడు.

ప్రశ్నలు

1. రికార్డు గల బొమ్మలు పిల్లల చేష్టకు తగిన బదు లేల చెప్పలేకపోయినవి?
2. ధ్వనికి బదులుగా ఇంజనీర్లు దేనిని దాచిరి? దానివలన కలిగిన లాభమెంత?
3. ‘యంత్రమునకు కోపము లేదు, దయయు లేదు’ అను మాటను వివరింపుము.