తాతలు సంపాదించిన పేరు

జనగామ

చిరంజీవి అల్లుడికి,



నీ ఉత్తరం అందింది. భూపాలపల్లిలో ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టావని, చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయని చదివి సంతోషించాను. కష్టపడి సంపాదించడం పాపం కాదు. కానీ నీ భాగస్వామి చెప్పిన మాట నాకు నచ్చలేదు బిడ్డా. లేఅవుట్ అనుమతి రాని వెంచర్‌ను మన సంఘం వాళ్లకు చూపించమన్నాడట. అబద్ధమాడే పని లేదు, అడగనిది చెప్పకుంటే చాలన్నాడట. ఇందులో తప్పేముంది మామా అని అడిగావు. అడిగావు గనుక దాపరికం లేకుండా చెప్తాను.

వాళ్లు నిన్ను కాగితాలు ఎందుకు అడగరు? నువ్వు సంఘ పెద్ద మనవడివి, ఆదివారం పాట ఎత్తేవాడివి. మనవాడు మోసం చేయడన్న ధీమాతో లింకు డాక్యుమెంట్లు చూడకుండానే అడ్వాన్సు ఇస్తారు. నీ భాగస్వామి నీకు కమీషన్ ఇచ్చేది ఆ ధీమాకే. రేపు ఇంటి అనుమతికి పోతే దొరకదు, బ్యాంకుకు పోతే అప్పు పుట్టదు. కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు అందులో ఇరుక్కుంటుంది. తెలిసి ఊరుకున్నవాడు అబద్ధమాడలేదని దేవుని ముందు తప్పించుకోగలడా?

ఆ ధీమా మన ఇంటికి ఎట్లా వచ్చిందో నువ్వు తెలుసుకోవాలి. మానుకోట జిల్లా డోర్నకల్ నీకు రైల్వే జంక్షన్‌గానే తెలుసు. 1909లో తిరునెల్వేలి సీమ నుంచి అజరయ్య గారు అక్కడికి మిషనరీగా వచ్చారు. తెలుగు నేర్చుకుని మన పల్లెలు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసిందీ డోర్నకల్‌లోనే.

ఆయన చుట్టూ చేరినవాళ్లు ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. సొంత భూమి లేదు, చదువు లేదు, షావుకారు బాకీ ఎన్నటికీ తెగదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను ఇంట్లోంచి వెళ్లగొట్టమని ఆయన బోధించారు. ఆడవాళ్లు వంటకు బియ్యం తీస్తూ దేవుని కోసం పిడికెడు పక్కన పెట్టేవారు. 1930ల నాటికి ఊళ్లోని రైతు కులాల వాళ్లు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. తమ పొలాల్లో పనిచేసేవాళ్ల బతుకు మారడం కళ్లారా చూశాకే వాళ్లు వచ్చారని అజరయ్య గారు నమ్మారు, అదే చెప్పారు.

నేను నీకు చెప్పదలచింది ఇదే. ఆ పేదలకు భూమి బలం లేదు, కులం బలం లేదు. మారిన నడతతో వచ్చిన పేరే వాళ్ల ఆస్తి. మా తాత ఆ కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కల్లు ముంతను వదిలి, ఇస్తానన్న రోజుకు బాకీ తీర్చి నిలబెట్టుకున్న నమ్మకాన్నే నువ్వు అనుభవిస్తున్నావు. తాతలు కూడబెట్టినదాన్ని ఒక కమీషన్‌కు అమ్మే హక్కు నీకు లేదు, నాకూ లేదు.

సామెతల గ్రంథం 22వ అధ్యాయం మొదలవడమే ఈ సంగతితో మొదలవుతుంది. సిరి, మంచిపేరు ఎదురెదురుగా నిలిస్తే పేరునే పట్టుకోమంటుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడు. విధవరాండ్రకు అన్నం పంచే పని అప్పగించడానికి ఏడుగురిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు, మంచిపేరున్న వాళ్లనే వెతకమన్నారు. పౌలు యెరూషలేము పేదలకు చందా సొమ్ము చేర్చేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు నియమించిన మనుషులను తోడు పెట్టుకున్నాడు. దేవుడు చూస్తున్నాడు గదా, మనుషుల సంగతి నాకెందుకని ఆయన అనుకోలేదు.

అయితే ఒకటి గుర్తుంచుకో. నలుగురు మెచ్చుకోవాలని నటించి తెచ్చుకునే పేరు వేరు. యోసేపు తప్పు చేయకుండానే నిందపడి చెరసాలకు పోయాడు. పేరు పోయినా నడత పోగొట్టుకోలేదు. నువ్వు కాపాడుకోవలసింది ముందు నడతను. నిజం చెప్పినందుకు రేపు నీ భాగస్వామి నిన్ను చేతగానివాడని అంటే అననీ.

ఇక చేయవలసిన పని. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ల ఇళ్లకు నువ్వే పో. అనుమతి రాలేదని వాళ్లు అడగకముందే చెప్పు. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకు ఇప్పించు. ఇకమీదట కాగితాలు ముందు పెట్టి, ధర తర్వాత మాట్లాడు. పౌలు తోడు పెట్టుకున్నట్టే, సంఘం కానుకలు లెక్కపెట్టేటప్పుడు నువ్వూ ఒక్కడివే కూర్చోకు, ఇద్దరి సంతకం లేకుండా ఆ డబ్బు కదిలించకు. నీ వ్యాపారం లెక్కలో దాన్ని ఒక్క పూట కూడా కలపకు.

కమీషన్ పోతే నాలుగు నెలలు ఇబ్బంది పడతావు, నాకు తెలుసు. ఈఎంఐ కట్టలేకపోతే సిగ్గుపడకుండా నాకు ఫోన్ చేయి. నా పింఛనులోంచి చేతనైనంత పంపుతాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్లతో మాట్లాడాక ఏమైందో నాకు రాయి. ప్రభువు నీకు ధైర్యమిచ్చును గాక.

ఇట్లు,
మీ మామ