నాపరాయి మీద పడ్డ జనతా

వెల్దుర్తి

అమ్మలూ,

ముత్తాత వాచీ నాపరాయి బండ మీద పడి గ్లాసు చిట్లిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రెండు రోజులుగా నువ్వు సరిగా అన్నం తినడం లేదట. తల్లీ, పోయింది గ్లాసు ఒక్కటే. దాన్ని మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు చేసే తప్పులే వాచీని పాడుచేస్తాయి, అందుకే ఈ ఉత్తరం.

అది హెచ్‌ఎంటీ జనతా, 17 రాళ్ల కీ వాచీ. జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. తొలి వాచీలను విడుదల చేసింది నెహ్రూ. మన నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిందీ ఆయనే. ఆ కుడికాలువ పనుల్లో మట్టి లెక్కలు రాసి దాచుకున్న డబ్బుతో మీ ముత్తాత ఈ వాచీ కొన్నాడు. 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. అయినా దిగులు లేదు, కొలతకు సరిపడే గ్లాసు దొరుకుతుంది.

ముందుగా వాచీ చేతికి పెట్టుకోకు, కీ తిప్పకు. ఊడిన పెచ్చు సెకన్ల ముల్లుకు అడ్డుపడితే ముల్లు వంగుతుంది, డయల్ గీరుకుపోతుంది. చీలికలోంచి చెమట దిగితే తుప్పు. గ్లాసు మీద టేపు ముక్క అంటించి డబ్బాలో పెట్టు.

ఇలాంటి పాత వాచీల గ్లాసు గాజు కాదు, అక్రిలిక్. దాని మీద గీతలు పాలిష్ పెడితే పోతాయి, చీలిక పోదు. గీతలు పడని మినరల్ గ్లాసు వేయించుకోమని దుకాణంలో అంటారు. ఒప్పుకోవద్దు. బల్లపరుపు గాజు వేస్తే మధ్యలో ఉబ్బిన ఆ నిండుదనం పోతుంది. పక్కనుంచి చూసినప్పుడు అంచున అంకెలు వంగినట్టు కనిపించే అందమూ పోతుంది.

మాచర్లలో ఒక ముసలాయన గ్లాసు వేస్తుంటే ఈ తాత పక్కనే కూర్చుని చూశాడు. ముందు గ్లాసు కూర్చునే గూడును వెర్నియర్‌తో కొలిచాడు, మిల్లీమీటరులో పదో వంతు దాకా. గూటికంటే వెంట్రుకవాసి పెద్ద గ్లాసు తీశాడు. గోళ్లున్న గుండ్రటి పనిముట్టు దాని అంచును చుట్టూ పట్టి నొక్కగానే గ్లాసు నడుమ ఇంకాస్త ఉబ్బి, చుట్టుకొలత తగ్గింది. రబ్బరు బుడ్డితో డయల్ మీది దుమ్ము ఊది, గ్లాసును గూట్లో దించి పట్టు వదిలాడు. అది విచ్చుకుని అంచుకు బిగుసుకుంది. చుక్క జిగురు వాడలేదు! లోపల లోహపు రింగు ఉన్న గ్లాసయితే ఇలా నొక్కకూడదు, దాన్ని ప్రెస్సుతోనే దింపాలి. మిరప కల్లాల రోజుల్లో మాత్రం మన ఊళ్లో ఈ పని పెట్టుకోకు, గాలి నిండా దుమ్మే.

దుకాణంలో సూపర్ గ్లూ సీసా తీస్తే వాచీ వెనక్కి తీసుకుని వచ్చెయ్. ఈ తాత వాచీకి ఒకచోట అలాగే అంటించారు. దాని ఆవిరికి గ్లాసు లోపలంతా తెల్లటి మసక పట్టింది, ఇప్పుడు టైము కనిపించదు.

ఇంకొకటి. డయల్ మీద ఆరు పక్కన పసుపు మచ్చ ఉంది. పనిలో పనిగా కొత్త రంగు వేస్తామంటారు. వద్దను. ముత్తాత కాలువ గట్టు మీద ఆ మచ్చ పక్కనే టైము చూసుకున్నాడు.

మీ తాతయ్య