సర్వర్ పాడైతే లెక్కలు తిరిగి వస్తాయా? – డిస్క్ ఇమేజ్ బ్యాకప్ పాఠం



2005 జులై 26ను భివండీలోని పెద్దవాళ్ళు మరచిపోలేరు. ఆ రోజు ముంబయి శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. మన ఊరినీ వరద ముంచింది. నీళ్ళు తీశాక మగ్గాన్ని తుడిచి, నూనె వేసి, మోటారు ఆరబెట్టి మళ్ళీ నడుపుకోవచ్చు. కానీ నీట మునిగిన కంప్యూటర్ డిస్క్‌లోని నూలు బాకీలు, కూలి లెక్కలు, బిల్లులు తిరిగి వస్తాయన్న భరోసా లేదు. డిస్క్ పాడవడానికి వరదే రానక్కరలేదు, కరెంటు ఒడిదుడుకులు చాలు. అందుకే కంప్యూటర్ చదివే ప్రతి విద్యార్థీ ఈ పాఠం నేర్చుకోవాలి.

ఇమేజ్ అంటే ఏమిటి?

మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలను అచ్చులోనే ఉంచి, కొత్త పడుగును వాటికి అతుకుతారు. అచ్చు ఖాళీ అయితే ఒక్కో పోగునూ మొదటినుంచి తీయాలి. ఫైళ్ళను మాత్రమే కాపీ చేసుకోవడం నూలు మాత్రమే దాచుకోవడం వంటిది. సర్వర్ చెడితే విండోస్ లేదా లినక్స్, ప్రోగ్రాములు, పాస్‌వర్డులు, సెట్టింగులు అన్నీ మళ్ళీ చేసుకోవాలి. డిస్క్ ఇమేజ్ అయితే వీటన్నిటినీ కలిపి, డిస్క్ ఉన్నది ఉన్నట్టుగా దాచిన ప్రతి. కొత్త డిస్క్ బిగించి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆ ఇమేజ్‌ను దించితే సర్వర్ పాత స్థితికి వస్తుంది. అక్రోనిస్ వంటివి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు. క్లోన్‌జిల్లా ఉచితం, విద్యార్థులు దానితో సాధన చేయవచ్చు.

మొదటిసారి మొత్తం ఇమేజ్ తీసి, తరువాత మారిన భాగాలను మాత్రమే దాచే పద్ధతిని ఇంక్రిమెంటల్ అంటారు. దీనివల్ల స్థలం, సమయం ఆదా అవుతాయి. అయితే ఈ గొలుసులో ఒక లింకు తెగితే దాని తరువాతివి పనికిరావు. కనుక అప్పుడప్పుడూ మొత్తం ఇమేజ్ మళ్ళీ తీయాలి.

రెండు ప్రశ్నలు

యజమానిని ముందుగా రెండు ప్రశ్నలు అడగాలి. ఎంతసేపటి పని పోయినా భరించగలరు? ఎంతసేపట్లో సర్వర్ మళ్ళీ నడవాలి? మొదటిదాన్ని ఆర్‌పీఓ, రెండోదాన్ని ఆర్‌టీఓ అంటారు. రోజూ రాత్రి 9 గంటలకు బ్యాకప్ తీస్తూ, మర్నాడు సాయంత్రం 6 గంటలకు డిస్క్ పోతే ఆ రోజు ఎంట్రీలన్నీ పోయినట్టే. ఇక 300 జీబీ ఇమేజ్‌ను సెకనుకు 100 ఎంబీ వేగంతో దించితే 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు పడుతుంది. సెకనుకు 10 ఎంబీ వేగమైతే 8 గంటల 20 నిమిషాలు!

పెద్ద సంస్థకే జరిగింది

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌లో సుమారు 300 జీబీని చెరిపేశారు. అక్కడ ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా, ఆ వేళకు ఏదీ నమ్మకంగా పనిచేయలేదు. ఒకటి చాలాకాలంగా విఫలమవుతున్నా, ఆ హెచ్చరిక ఈమెయిళ్ళు ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు, వేరే పని కోసం చేత్తో తీసిన ఒక ప్రతి వాళ్ళను కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. మొత్తం మూడు ప్రతులు ఉండాలి; అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి; ఒకటి వేరే చోట ఉండాలి. సర్వర్ పక్కనే పెట్టిన డిస్క్ వరదలో సర్వర్‌తో పాటే మునుగుతుంది.
2. ఒక ప్రతిని కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచాలి. 2017 మే నెలలో ప్రపంచమంతా వ్యాపించిన వాన్నాక్రై వంటి వైరస్‌లు తగిలించి ఉన్న డిస్కులకూ తాళం వేస్తాయి.
3. మూడు నెలలకొకసారైనా వేరే డిస్క్ మీదికి ఇమేజ్ దించి, లెక్కల ప్రోగ్రాము తెరిచి చూడాలి. దించి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని నమ్మరాదు.

అభ్యాసం: ఇంట్లోని పాత కంప్యూటర్‌కు క్లోన్‌జిల్లాతో ఇమేజ్ తీసి, మరో ఖాళీ డిస్క్ మీదికి దించండి. పట్టిన సమయాన్ని నోటుపుస్తకంలో రాయండి. తల్లిదండ్రులకు మనవి: పిల్లలు ఈ సాధనకు ఒక డిస్క్ అడిగితే అనవసర ఖర్చు అనుకోకండి. రేపు ఒక కార్ఖానా లెక్కలు వాళ్ళ చేతిలో ఉండవచ్చు.