పెరటితోట: ఒక వర్షకాలపు లాభనష్టములు

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు గోదావరి డెల్టా వరిసీమ యైనది. కాలువలకు నీరు వదలిన నాటినుండి సార్వా కోతల వఱకు మన పొలములందు కూరమొక్కకు చోటు లేదు. కూరలు లంకలనుండియు మెట్టనుండియు రావలయును. శ్రావణ భాద్రపదములందు గోదావరి పొంగి లంకలు మునిగినచో సంతలో కూరల వెల పెరుగును. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము సాగినది. అట్టి యేట లంకతోటల గతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. కావున ఇంటివెనుక నున్న నాలుగైదు సెంట్ల మిట్టయే రైతుకుటుంబమునకు వర్షకాలపు కూరలకొట్టు.

అయినను పలువురు ఒకటి రెండేండ్లు ప్రయత్నించి, "మా పెరడు అచ్చిరాలేదు" అని విడిచిపెట్టుచున్నారు. అచ్చిరాకపోవుటకు కారణము పెరటి దోషమా, కాలదోషమా, నిలిచిన నీటి దోషమా యని విచారించువారు తక్కువ. ఈ పాఠమున అయిదు సెంట్ల పెరటి నొకదానిని ఉదాహరణముగా గైకొని, రోహిణి కార్తె మొదలు విశాఖ కార్తె వఱకు అందు చెడునదేదో, ఫలించునదేదో చూతము.

1. నారుమడి. రోహిణిలో వంగ, మిరప విత్తనములను చదునునేలపై ఒత్తుగా చల్లుట వాడుక. మృగశిర వానలకు నేల నాని, మొలకలు మొదలుకడ మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోవును. ఇది నారుకుళ్లు తెగులు. దీనిని కలిగించు శిలీంధ్రములు నేలలోనే యుండి, నిలిచిన తేమచే విజృంభించును. అదే విత్తనమును జానెడెత్తు మడిపై, బెత్తెడు ఎడముగల వరుసలలో పలుచగా విత్తినచో నారు నిలుచును. తోట కంతటికిని ఇదియే సూత్రము. మడి వెడల్పు మూడు నాలుగడుగులు, ఎత్తు ఒక యడుగు ఉండవలయును; మడికి మడికి నడుమ బోదె తీసి, బోదెల నీరంతయు వెలుపలికి పోవుటకు ఒక దారి విడువవలయును. మన నల్లని బంకమన్నునందు వర్షకాలమున వేరునకు కొఱవడునది నీరు కాదు, గాలి. మాగిన పశువులయెరువు, ఎండుటాకు, ఊకబూడిద కలిపినచో మన్ను గుల్లబారును.

2. బెండ, వంగ. బెండ బాగుగ పెరుగుచుండగనే ఆకుల యీనెలు పసుపుబారి, కాయ తెల్లబడి గిడసబారుట పల్లాకు తెగులు. తెల్లదోమ దీనిని మొక్కనుండి మొక్కకు చేర్చును. సోకిన మొక్కకు మందు లేదు. కనబడిన దినముననే పెరికి కాల్చవలయును. ఒక మొక్కపై జాలిపడినవారు వరుసనంతటిని కోల్పోవుదురు. ఈ తెగులును తట్టుకొనుటకై రూపొందించిన అర్క అనామిక వంటి రకములు విత్తుట మేలు. దోమను తగ్గించుటకు అరకిలో వేపగింజల పప్పును దంచి, మూటగట్టి, పది లీటర్ల నీటిలో రాత్రియెల్ల నాననిచ్చి, పిండి వడకట్టి, కొంచెము సబ్బునీరు చేర్చి, సాయంకాలము ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలయును. వంగలో కొమ్మచివరలు వాడి వ్రాలినచో లోపల పురుగున్నదని గ్రహించి, ఆ చివరలను త్రుంచి నాశనము చేయవలయును. ఆలస్యమైనచో అదియే పురుగు కాయలను తొలుచును.

3. తీగలు. ఆనప, బీర మొదట పూచు పూవులు చాలవఱకు మగపూవులు. అవి రాలుట చూచి తీగ గొడ్డుబోయినదని పెరుకుట తొందరపాటు. పూవు క్రింద చిన్న పిందె యున్నదే ఆడుపూవు. ముసురు పట్టిన దినములందు తేనెటీగలు మొదలగు కీటకములు తిరుగవు గనుక పిందెలు పసుపుబారి రాలును. అప్పుడు మగపూవును కోసి, దాని పుప్పొడిని ఆడుపూవు నడిమిభాగమున చేతితో రాయవలయును. గుమ్మడి, కాకర, దోసలకు ఉదయమునను, ఆనప, బీర, పొట్లలకు ప్రొద్దుగూకు వేళను ఈ పని చేయవలయును. ఆయా పూవులు విచ్చుకొను వేళలు అవియే. పండుఈగ కుట్టిన కాయలను దిబ్బపై వేయక లోతుగా పూడ్చవలయును.

4. చిక్కుడు. ఆషాఢమున పెట్టిన పందిరిచిక్కుడు భాద్రపదము దాటినను పూయదు. ఇది వైఫల్యము కాదు. నాటు పందిరిరకములు పగలు తగ్గి రాత్రి పెరిగిన పిదపగాని పూతకు రావు. ఓపికపట్టిన యింటికి కార్తికము మొదలు సంక్రాంతి దాటువఱకు కాయ దొరకును.

5. పల్లపు మూల. ఎంత ప్రయత్నించినను తడి యారని మూల ప్రతి పెరట నుండును. అచ్చట మిరప వేసి దుఃఖించుట కంటె చేమ, బచ్చలి నాటుట యుక్తము. కందకు మాత్రము నీరు నిలిచిన చోటు పనికిరాదు. దానికి మిట్టయే కావలయును.

6. తుపాను. స్వాతి, విశాఖ కార్తెలు మనకు గండము. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లే కూలినవి, పందిళ్లు ఏపాటి? పందిరి తక్కువ యెత్తున వేసి, రాటలు లోతుగా పాతవలయును. విత్తనమంతయు ఒక్కసారి చల్లక, సగము దాచి పదిపదునైదు దినముల పిదప విత్తినచో ఒక పైరు పోయినను రెండవది దక్కును.

పై యాఱు విషయములందును చెడుటకు కారణములు వేఱువేఱు: నీరు నిలుచుట, తెగులుమొక్కను ఉపేక్షించుట, పూతవేళ తెలియకుండుట, మొక్కకు తగని చోటు. వీనిలో ఏదియు పెరటి దోషము కాదు. కావున ప్రతి గృహస్థుడును ఒక చిన్న పుస్తకమున విత్తిన తేదిని, మడి యెత్తును, నీరు నిలిచిన దినములను, తొలికాయ కోసిన తేదిని వ్రాసికొనవలయును. నాటుచిక్కుడు వంటివానిలో తెగులులేని మొక్క కాయలను విత్తనమునకు విడిచి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచవలయును. సంకరరకముల విత్తనము మఱుసటి యేడు అట్లే ఫలింపదు. ఇట్లు దాచిన విత్తనమును, వ్రాసికొన్న పుస్తకమును సభ్యులు వైశాఖమున సంఘసమావేశమునకు తెచ్చి మార్చుకొన్నచో, ఒకరికి నష్టము నేర్పిన పాఠము పదుగురికి ఖర్చులేక దక్కును.