అవుట్‌పుట్ వచ్చింది, మరి మార్కులు ఎందుకు తగ్గాయి?



మొన్నటి పీటీఎంలో ఒక అమ్మగారు అడిగారు: "మేడమ్, మా బాబు ప్రోగ్రామ్ రన్ అయింది, అవుట్‌పుట్ కూడా వచ్చింది. మార్కులు ఎందుకు కట్ చేశారు?" అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు టైమ్ లేక సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పైథాన్‌లో మేమిచ్చిన పని ఇది. ఒక లిస్టులో మూడు సబ్జెక్టుల మార్కులు, ఇంకో లిస్టులో పాస్ మార్కులు ఉంటాయి. మార్కులు తక్కువగా ఉన్నంతసేపు మళ్లీ టెస్టు పెట్టాలి, అన్నీ దాటాక "పాస్" అని చూపించాలి. దీనికి వాడేది వైల్ లూప్. షరతు నిజమైనంతసేపు అది అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తుంది.

బాబు మార్కులు [72, 31, 80], పాస్ మార్కులు [35, 35, 35] అని ఇచ్చి, షరతులో "మొదటి లిస్టు < రెండో లిస్టు" అని రాశాడు. ఒక్క టెస్టు కూడా పెట్టకుండానే "పాస్" అని వచ్చేసింది. ఎర్రర్ ఏమీ లేదు. కానీ రెండో సబ్జెక్టులో ఉన్నది 31 కదండీ!

పైథాన్ రెండు లిస్టులను డిక్షనరీలో పదాల వరసలాగా పోలుస్తుంది. మొదటి అక్షరం దగ్గరే తేడా తెలిస్తే మిగతావి మనం చూడం కదా, అలాగే. 72 అనేది 35 కన్నా పెద్దది, కాబట్టి మొదటి లిస్టే పెద్దదని తేల్చేసింది. 31 దాకా వెళ్లనే లేదు. అవే మార్కులు [31, 72, 80] అని రాస్తే లూప్ నడిచేది. అంటే సబ్జెక్టుల వరస మారితే రిజల్టే మారిపోతుంది.

నంపై లైబ్రరీలో అర్రే వాడితే ఇలా జరగదు. అది ప్రతి జతనూ విడిగా చూసి మూడు జవాబులిస్తుంది: 72 తక్కువా? కాదు. 31? అవును. 80? కాదు. లూప్‌కేమో ఒక్క జవాబే కావాలి. అందుకని ఎర్రర్ చూపించి, "ఎనీ" వాడాలో "ఆల్" వాడాలో మనల్నే తేల్చుకోమంటుంది. పిల్లలు ఎర్ర అక్షరాలు చూసి విసుక్కుంటారు కానీ, నాకు మాత్రం చెప్పకుండా తప్పు జవాబిచ్చే ప్రోగ్రామ్ కన్నా ఇదే నచ్చుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అన్నీ పాసవ్వాలి కాబట్టి చాలామంది "ఆల్" అని రాస్తారు. అప్పుడు షరతు "అన్ని మార్కులూ 35 కన్నా తక్కువ ఉన్నంతసేపు" అని అవుతుంది. ఒక్క సబ్జెక్టులో 35 వస్తే చాలు, లూప్ ఆగిపోతుంది. రాయాల్సింది "ఎనీ", అంటే ఏ ఒక్కటైనా తక్కువ ఉన్నంతసేపు. దీన్ని ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పినా క్లాసుకు ఎక్కలేదు. చివరికి తెలుగులో మన పిక్నిక్ బస్సు గురించి చెప్పాను: అందరూ ఎక్కితే బస్సు కదులుతుంది, అంటే ఏ ఒక్కరు ఎక్కకపోయినా ఆగే ఉంటుంది. వెంటనే అర్థమైంది.

ఈ ఆదివారం ఆ ప్రోగ్రామ్ మీకు చూపించమనండి. 31ని మొదట, మధ్యలో, చివర పెట్టి మూడుసార్లు రన్ చేయించండి. మూడుసార్లూ లూప్ నడవాలి. తర్వాత మూడింటికీ సరిగ్గా 35 ఇవ్వమనండి. ఈసారి నడవకూడదు. నడిచిందంటే, "తక్కువ" అని ఉండాల్సిన చోట "తక్కువ లేదా సమానం" అని రాశారన్నమాట.