బోరు నుంచి చేను దాకా: పైపులైను లెక్క, జాగ్రత్త

పైపులో పారే నీరు లోపలి గోడలను ఒరుసుకుంటూ పోతుంది, ఆ ఒరిపిడిలో కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. ఇదే ఘర్షణ నష్టం. చివరి మడికి నీళ్లు అందనప్పుడు మాత్రమే ఇది చాలామందికి గుర్తొస్తుంది. కానీ పైపు ఎంత నష్టపరుస్తుందో, ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు ఎంత దెబ్బ తింటుందో రెండూ తేల్చేది నీటి వేగమే. కాబట్టి లెక్క వేయకుండా పైపు కొనొద్దని రైతులను మరీమరీ కోరుతున్నాను.

చేయవలసినవి

ముందు నీటిని కొలవండి. బోరు కనీసం గంటసేపు నడిచాక 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పడితే సెకనుకు 5 లీటర్లన్నమాట. మోటారు వేయగానే వచ్చే జోరును నమ్మొద్దు, అది బోరులో నిలవున్న నీరు. నడివేసవిలో ఇంకోసారి కొలవండి.

తర్వాత హెడ్, అంటే పంపు నీటిని ఎక్కించాల్సిన మొత్తం ఎత్తు, లెక్క కట్టండి. మోటారు నడుస్తుండగా బోరులో నీటిమట్టం ఎంత లోతుకు దిగిందో చూసుకోవాలి, ఆగి ఉన్నప్పటి మట్టం పనికిరాదు. దానికి చేను ఎంత మెరకలో ఉందో కలపండి. ఆపై బోరులో దిగే కాలమ్ పైపులోనూ, నేలమీది లైనులోనూ పోయే ఘర్షణ నష్టం చేర్చండి. ఒక్కో ఎల్బోకు దాని వ్యాసానికి 30 రెట్ల పొడవు పైపు అదనంగా ఉందనుకోండి. 63 మి.మీ. ఎల్బో అంటే దాదాపు 2 మీటర్ల పైపు. డ్రిప్ ఉన్నవాళ్లు ఫిల్టరుకు, డ్రిప్పర్లకు కావలసిన ఒత్తిడిని కూడా మరవకూడదు.

నష్టం లెక్కకు హేజెన్–విలియమ్స్ సూత్రం చాలు. సెకనుకు ఘనపు మీటర్లలో ఉన్న ప్రవాహాన్ని పైపు నునుపు అంకెతో భాగించి 1.852 ఘాతానికి పెంచండి. దాన్ని 10.67తోనూ పైపు పొడవుతోనూ గుణించి, లోపలి వ్యాసం 4.87 ఘాతంతో భాగించండి. కొలతలన్నీ మీటర్లలోనే ఉండాలి. కొత్త పీవీసీకి నునుపు అంకె 150. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఐదు నిమిషాల పని. ఈ సూత్రం నీటికే, వేరే ద్రవాలకు వాడొద్దు.

సెకనుకు 5 లీటర్లు, 300 మీటర్ల లైను అనుకుందాం. 63 మి.మీ. పైపు, అంటే మనం రెండించుల పైపనేది, లోపల 58 మి.మీ. ఉంటే నష్టం 17 మీటర్లు. రెండున్నర ఇంచుల 75 మి.మీ. పైపు లోపల 70 ఉంటే 7 మీటర్లే. మూడించుల 90 మి.మీ. పైపు లోపల 84 ఉంటే 3 మీటర్లకు లోపే. వ్యాసం కాస్త పెరిగితే నష్టం అంతగా పడిపోతుంది. అదే పైపులో ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే మాత్రం నష్టం మూడున్నర రెట్లు దాటుతుంది.

ఇక వేగం చూడండి. ఆ మూడు పైపుల్లో నీరు సెకనుకు వరుసగా 1.9, 1.3, 0.9 మీటర్లు పరుగెడుతుంది. పారే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ వేగమంతా ఒత్తిడిగా మారి పైపును కొడుతుంది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 19వ శతాబ్దం చివర్లో మాస్కో నీటి గొట్టాల మీద దీన్ని పరీక్షించి లెక్కగట్టారు. పీవీసీలో సెకనుకు ఒక మీటరు వేగం ఆగిపోతే సుమారు 35 మీటర్ల హెడ్, అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కేజీల ఒత్తిడి పుడుతుంది. రెండించుల లైనులో ఈ దెబ్బ ఒక్కటే ఆరున్నర కేజీలు దాటుతుంది. అప్పటికే లైనులో ఉన్న ఒత్తిడి దానికి తోడవుతుంది. 4 కేజీల పైపు దీనికి ఆగదు, 6 కేజీలది కూడా నమ్మలేం. మూడించుల లైనులో దెబ్బ మూడు కేజీల చిల్లరే కనుక 6 కేజీల పైపు తట్టుకుంటుంది. వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటనివ్వకండి. డబ్బు సరిపోకపోతే మోటారు హెచ్‌పీ పెంచే ఆలోచన మానుకుని, ఆ డబ్బు పైపు వ్యాసం మీద పెట్టండి.

లైనులో ఎత్తైన చోట గాలి వాల్వ్, బోరు దగ్గర నీరు వెనక్కి రాకుండా ఆపే ఎన్ఆర్‌వీ తప్పక పెట్టండి. ఖాళీ లైనును మెల్లగా నింపండి.

మడి మార్చేటప్పుడు ముందు రెండో మడి వాల్వ్ తెరిచి, ఆ తర్వాతే మొదటిది మూయండి.

చేయకూడనివి

నడుస్తున్న మోటారు మీద వాల్వ్‌ను ఠక్కున మూయకూడదు. 300 మీటర్ల లైనులో రెండు సెకన్లలోపు మూస్తే పూర్తి దెబ్బ తగులుతుంది. చక్రం తిప్పే గేట్ వాల్వ్‌కు సమయం పడుతుంది కాబట్టి అదే మేలు, ఒక్క తిప్పులో మూసుకునే బాల్ వాల్వ్‌తో ఇంకా జాగ్రత్త.

లీకు కట్టడానికి ఒంగినప్పుడు స్టార్టర్ ఆటోలో ఉండకూడదు. కరెంటు రాగానే దానంతటది మోటారు తిరిగితే, పైపు మీద చేతులు పెట్టిన మనిషికి ముప్పు. మెయిన్ తీసి, ఫ్యూజులు జేబులో వేసుకుని లైను దగ్గరికి వెళ్లండి. తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకోవద్దు. ఫ్రేమ్‌కు ఎర్తింగ్ లేని డబ్బాను వాడనే వద్దు.

పీవీసీ లైనును గాలి కంప్రెసర్‌తో పరీక్షించకండి. నీటితో నిండిన పైపు పగిలితే నీళ్లు చిమ్మి ఊరుకుంటుంది. గాలి నిండిన పైపు పేలితే ముక్కలు కత్తుల్లా ఎగిరొస్తాయి. నీటితోనే పరీక్షించండి, జాయింట్లు కనబడేలా వదిలి మిగతా పైపు మీద మట్టి కప్పాక. ఆ సమయంలో పిల్లలను గట్టు మీదికి రానివ్వకండి.

పైపులు అతికించే సొల్యూషన్ పూసేచోట బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాని ఆవిరి అంటుకుంటుంది. అతికించిన జాయింటుకు ఒక రోజు గడువివ్వండి.

బోరు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ తోడే పంపు దించకండి. నీరందక ఉత్తగా తిరిగితే మోటారు చల్లబడదు, వైండింగ్ కాలుతుంది. కాలిన మోటారును పైకి లాగడం ఇంకో ప్రమాదం. కాలమ్ పైపు, మోటారు, లోపలి నీళ్లు కలిసి వందల కిలోల బరువు. క్లాంపు సరిగా బిగించకుండా, పాత తాడు మీద భరోసాతో ఆ పని మొదలుపెట్టొద్దు. మోటారు బయట ఉన్నన్నాళ్లూ బోరు నోటికి ఇనుప మూత బోల్టులతో బిగించి ఉంచండి. గోనెసంచి కప్పి, దానిమీద రాయి పెట్టి వెళ్లిపోకండి.